మిస్ ఐవీ పిలిచిన పేర్లు

కెనడాలోని కిచెనర్‌లో మా ఆఫీసు ముందు సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడితే ఒక పట్టాన వదలదు. నిన్న పొద్దున అక్కడ ఆగి ఉంటే పక్కన ఒక పాత కారు వచ్చి నిలబడింది. చలికి అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, లోపల ఏ పాట నడుస్తోందో వినబడడం లేదు. కానీ నా కప్పులో కాఫీ మీద సన్నటి అలలు లేచాయి. తర్వాత సీటు వణికింది, ఆ తర్వాత నా పక్కటెముకలు. చెవికన్నా ముందు ఒంటికి తెలిసే మోత అది. బుద్ధిమంతులైతే విసుక్కుని ముందుకు చూస్తారు. నేను రేడియో కట్టేసి, అద్దం దించుకుని, ఆ చలిలోనే వింటూ కూర్చున్నాను. లైటు పచ్చగా మారినా కదలకపోయేసరికి వెనకవాడు హారన్ కొట్టాడు. ఈ దేశంలో హారన్ కొట్టించుకోవడం అంటే నడివీధిలో తిట్టించుకున్నట్టే. అయినా నాకు నవ్వే వచ్చింది. మిస్ ఐవీ పోయి రెండేళ్లు దాటింది. ఈ మోతలో ఆమె నాకు ఇలా దారిలో ఎదురుపడుతూనే ఉంటుంది.

మీరెవరూ ఆమెను చూడలేదు కాబట్టి ముందు మనిషిని చెప్పాలి. జమైకా ఆవిడ. పొట్టి, గట్టి. డెబ్బై దాటాక కూడా పొయ్యి మీది గుండిగ దించడానికి ఎవరి సాయమూ అడిగేది కాదు. తలకి ఎప్పుడూ ఒక రంగు గుడ్డ చుట్టుకునేది. వాళ్ల దగ్గర పెద్ద ఆడవాళ్లని, పెళ్లయినా కాకపోయినా, పేరుకు ముందు ‘మిస్’ చేర్చి పిలుస్తారు. మనం ‘గారు’ అన్నట్టే. నేను ఇక్కడ కాలేజీలో చదువుకునే రోజుల్లో ఆమె హోటల్లో పార్ట్ టైం చేశాను. ఆమె మాట్లాడేది జమైకా ఇంగ్లీషు. మొదటి వారం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత ఎప్పుడో అది సిద్దిపేట దగ్గర మా నాయనమ్మ మాటలా వినబడడం మొదలుపెట్టింది. అదే విరుపు, అదే దబాయింపు, అదే ప్రేమ. అందుకని ఆమె మాటలు ఇక్కడ మా నాయనమ్మ తెలుగులోనే రాస్తున్నాను. ఇంకోలా రాస్తే ఆమె కాదు, ఇంకెవరో అవుతుంది.

ఉద్యోగం కోసం ఆ వీధిలో దుకాణం వదలకుండా తిరిగిన రోజు నాకు బాగా గుర్తు. అందరూ ‘ఆన్‌లైన్‌లో అప్లై చేయండి’ అని తలుపు చూపించారు. మిస్ ఐవీ నా రెజ్యూమె తీసుకుని వేడి గిన్నె కింద పెట్టింది.

“పేరేంది?”

“రాజ్.”

“గదీ పేరేనా? మీ అవ్వ ఏమని పిలుస్తది?”

“రాజేశ్వరి.”

ఆమె ఒకసారి తడబడింది. రెండోసారి పూర్తిగా, ఒక్క అక్షరం మింగకుండా పలికింది. కాలేజీలో ప్రొఫెసర్లు, బ్యాంకులో అమ్మాయి, బస్సు పాసు ఇచ్చే ఆయన, అందరూ కలిసి నా పేరును తోక తెగిన బల్లిని చేసి వదిలారు. నేనే ముందుగా తెంపి ఇవ్వడం నేర్చుకున్నాను. “సగం పేరు జెప్తే సగం మనిషే లోపలికొస్తది. రేపు పొద్దుగాల రా, రాజేశ్వరి,” అంది. అంతే ఇంటర్వ్యూ.

వంట నాకు కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది. జమైకాలో పండగంటే యాట కూర, అదే మేక మాంసం. పసుపు, ధనియాలు, జీలకర్ర, అంతా మనదే. కాకపోతే దానిలో మిరియాల్లాంటి పిమెంటో గింజలు, బొద్దుగా ముడతలు పడి ఉండే పసుపుపచ్చ మిరపకాయ ఒకటి పడతాయి. ఆ మిరపకాయ ముందు మన గుంటూరు మిరప కూడా తలొంచాల్సిందే. చెరుకు తోటల పనికి మనదేశం నుంచి ఓడల్లో తీసుకెళ్లిన కూలీల చేతిరుచి అది అని ఆమే చెప్పింది. “కూర మీవోళ్లు తెచ్చిన్రు. మేం ఉంచుకున్నం. వండినోళ్ల పేర్లే ఎవ్వలూ రాసిపెట్టలే,” అంది. ఒక శుక్రవారం కూర నా చేతికి వదిలేసింది. మధ్యాహ్నానికి హోటలు నిండిపోయింది. ఎవరో మెచ్చుకోగానే ఆమె గల్లాపెట్టె దగ్గర నిలబడి, గంట కొట్టినట్టు గొంతు పెంచింది.

“ఇయ్యాల యాట వండింది రాజేశ్వరి! చెయ్యెత్తు బిడ్డా, అందరికి కనవడు.”

నేను సిగ్గుతో వంటగదిలోకి పారిపోయాను. ఆ తర్వాత తెలిసింది, అది ఆ హోటలు రివాజు. రొట్టె చేసింది ఎవరు, చేప వేయించింది ఎవరు, గిన్నెలు తోమింది ఎవరు, అన్నీ ఆమె పైకి పిలిచి చెప్పేది. కొందరు కస్టమర్లకి అదొక తమాషా. ఆమెకి మాత్రం తమాషా కాదు.

వంటగది వెనక ఒక గది ఉండేది. అందులో నా ఎత్తున్న చెక్క స్పీకరు పెట్టె ఒకటి, గోడ పొడుగునా గ్రామఫోను రికార్డులు నిండిన డబ్బాలు. మన దగ్గర పెళ్లిళ్లకి మైక్ సెట్ వాళ్లు ఉన్నట్టే కింగ్‌స్టన్‌లో మిస్ ఐవీ, ఆమె భర్త గ్లెన్ ఒక సౌండు నడిపేవారట. కాకపోతే అక్కడ పెళ్లికి సౌండు రాదు, సౌండు కోసమే జనం వస్తారు. గ్లెన్ నేను రాకముందే పోయాడు. ఒకరోజు దుమ్ము దులుపుతూ చూస్తే ప్రతి రికార్డు మధ్యనా ఉండే కాగితం గీకేసి ఉంది. పాట పేరు లేదు, పాడినవాళ్ల పేరు లేదు. ఎవరో పిల్లలు పాడు చేశారనుకుని మెల్లగా అడిగాను. ఆమె పగలబడి నవ్వింది.

“పిల్లలు గాదు, నేనూ గ్లెనే గీకినం. అమెరికా నుంచి పడవల మీద పనిచేసెటోళ్లు పాటలు తెచ్చెటోళ్లు. ఎవ్వల తాన లేని పాట మన తాన ఉంటే జనం మన దిక్కే. పక్క సౌండోళ్లు దొంగసూపులు సూసి పేరు రాసుకపోయెటోళ్లు. గందుకే గీకుడు.”

“మరి మీకెట్లా తెలుస్తుంది ఏది ఏదో?”

“పెట్టెల ఏది ఏడ ఉన్నదో చేతికి ఎర్క.”

డబ్బాలన్నిటికీ దూరంగా, అలమర పైన, దిండు గలేబులో చుట్టి ఒక రికార్డు ఉండేది. దాన్ని మాత్రం ముట్టుకోవద్దంది. అది అచ్చువేసి అమ్మే రికార్డు కాదు, ఒక్క సౌండు కోసం ఒక్కటే కోసిన పలక. అల్యూమినియం రేకు మీద మెత్తటి పూత పూసి, ఆ పూతలో పాటను కోస్తారు. సూది ఆడిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. అందుకే ఆడించడం లేదు కాబోలు అనుకున్నాను, ఆమె కూడా అలాగే చెప్పింది.

ఆ ఎండాకాలం పార్కులో కరీబియన్ వాళ్ల పండగ జరిగింది. వంటంతా మిస్ ఐవీ హోటలుదే. రెండు రోజులు నడుములు విరిగేలా పనిచేశాం. తీరా అందరూ తిని చేతులు కడుక్కునే వేళకి మైకులో ఒక కుర్రాడు, టెంటు ఇచ్చిన ఇళ్ల వ్యాపారిని చూపించి, ‘ఈ విందు మనకిచ్చిన మహానుభావుడు’ అని చప్పట్లు కొట్టించాడు. ఆయన కూడా లేచి నిలబడి నమస్కారాలు పెట్టాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే అని నేను పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను. మిస్ ఐవీ ఊరుకోలేదు. నూనె చేతులతోనే వెళ్లి ఆ కుర్రాడి చేతిలో మైకు అందుకుంది.

“టెంటు ఆయనది, మంచిగున్నది. వంట మాత్రం ఈళ్లది,” అని ఒక్కొక్క పేరూ పిలిచింది. నా పేరు పిలిచినప్పుడు ఈసారి నేను పారిపోలేదు. చెయ్యెత్తాను.

తిరిగి వస్తుంటే వ్యాన్‌లో అడిగాను. ఒక పేరు గురించి ఇంత లొల్లి ఎందుకు మిస్ ఐవీ, అని. రోడ్డు పనులతో ట్రాఫిక్ ఆగిపోయి ఉంది. ఆమె స్టీరింగ్ మీద చేతులు ఆనించి ముందున్న లారీనే చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

కింగ్‌స్టన్‌లో వాళ్ల పేటకి ఒక పెద్ద ఉండేవాడు. అక్కడ అలాంటివాణ్ని డాన్ అంటారు. ఆ ఊళ్లో రెండు పార్టీలు వీధులన్నీ పంచుకుని, ఒక్కో పేటలో ఒకడికి తుపాకులిచ్చి నిలబెట్టుకున్న కాలం. ఒక పేట వాడు పక్క పేటలోకి పాట వినడానికి పోయినా ప్రాణం మీదికి వచ్చేదట. “దయ్యమనుకోకు వాన్ని,” అంది మిస్ ఐవీ. “ముసలోళ్లకు మందులు తెచ్చిచ్చిండు. పిల్లలకు బడి పుస్తకాలు ఇప్పిచ్చిండు. ఒక్కటే అడిగెటోడు. సౌండు ఆడుతుంటే మైకుల ముందుగాల వాని పేరు పిలవాలె. మేం పిలిచినం గూడ. పిలవకుంటే బతుకు లేదు.”

గ్లెన్ సౌండుకి స్పీకరు పెట్టెలు చేసే వడ్రంగి ఒకడు ఉండేవాడు, కెల్విన్ అని. చెయ్యి ఎంత మంచిదో గొంతు అంత మంచిదట. అతను గ్లెన్ కోసం ఒక పాట పాడి పలక మీద కోయించాడు. పాటంటే మరేమీ కాదు, ఆ వీధిలో పనిచేసేవాళ్ల పేర్లు. బట్టలు ఉతికే ఆమె, ఐసు బండి ముసలాయన, మంత్రసాని, బడిపంతులు, కుట్టుపని చేసే ఎస్మీ. ఎస్మీ అతని మనిషి. ఆ పాట మొదటిసారి ఆడినప్పుడు జనం మూకుడు మూతలతో రేకుల కంచెను దబదబా బాదారట. అక్కడ చప్పట్లు కొట్టరు, అలా బాదుతారు. బాదితే సూది ఎత్తి పాట మళ్లీ మొదటినుంచి పెట్టాలి. ఆ పాటకి బాదుతూనే ఉన్నారట. డాన్ మాత్రం ఒకటే అడిగాడు, నా పేరేదీ అని.

“కెల్విన్ ఏమన్నడో ఎర్కనా? ‘ఇది పనిచేసినోళ్ల పాట, మీరు గీ వీధిల ఏం పని చేసిన్రో జెప్పున్రి, కలుపుతా’ అన్నడు. అందరు నవ్విన్రు. నవ్వకుంటే బతికెటోడేమో.”

మర్నాడు పొద్దున్నే డాన్ ఇద్దరు మనుషులతో ఇంటికొచ్చాడు. గ్లెన్ ఏదో తీగ కోసం బజారుకి వెళ్లాడు, ఐవీ ఒక్కతే ఉంది. వాడు కత్తి తీసి బల్ల మీద పెట్టి, ఆ పలక తెచ్చి తన ముందే గీకమన్నాడు. ఆమె అలాంటి పలకలు పెట్టే డబ్బా దగ్గరికి వెళ్లింది. అన్ని కాగితాలూ గీకేసినవే. ఏది ఏదో వాడికి తెలిసే దారి లేదు. ఆ ఒక్క ధైర్యంతో ఆమె కెల్విన్ పలకను వదిలేసి పక్కదాన్ని తీసింది. పాట పూత అంతా లేచి రేకు కనబడేదాకా కత్తితో గీకి చూపించింది. వాడు తల ఊపి వెళ్లిపోయాడు.

“గ్లెన్ వచ్చినంక జెప్పిన. ఆయన మొఖం తెల్లగైంది. రాత్రి వాన మబ్బు పట్టిందని ఉరుకులాటల పెట్టెలు సర్దిన, ఏది ఏడ పెట్టిన్నో నాకే ఎర్కలేదు అన్నడు.” ఆమె స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి అరచేతిని చూసుకుంది. “చేతికి ఎర్క అన్న గద బిడ్డా. గా పొద్దు చెయ్యి పోయింది పాత జాగకే.”

గీకకుండా మిగిలిన పలక కెల్విన్‌దో కాదో ఆడించి చూస్తే తెలిసిపోతుంది. కానీ ఆ ఇళ్ల గోడలు రేకులు. ఒక్క వరుస పక్కింటికి వినబడితే చాలు. కొన్నాళ్లకే ఎన్నికలకి ముందు కాల్పుల్లో కెల్విన్ పోయాడు. ఎవరు కాల్చారో, ఎందుకో, ఎవరూ చెప్పలేదు. గ్లెన్, ఐవీ ఆ పలకను దిండు గలేబులో చుట్టుకుని కెనడా వచ్చేశారు. ఇక్కడ రేకుల గోడలు లేవు, డాన్ లేడు. గ్లెన్ ఆడిద్దామంటే ఆమె పడనివ్వలేదు.

“అరుగుతదని అందరికి జెప్పిన. నీకు గూడ జెప్పిన. అబద్ధం. గది కెల్విన్‌ది కాకుంటే వాని గొంతు నా చేత్తో నేనే గీకినట్టు. గందుకే ఆడిస్తలేను.”

వెనక వాళ్లు హారన్ కొట్టేదాకా ట్రాఫిక్ కదిలిందని మా ఇద్దరికీ తెలియలేదు.

చలికాలంలో ఒక ఫోను వచ్చింది. నేనే ఎత్తాను. హాలిఫాక్స్ నుంచి, నదీన్ అనే నర్సు. మెత్తటి కెనడా ఇంగ్లీషు. “మా నాన్న పేరు కెల్విన్. నేను పుట్టకముందే పోయారు. మా అమ్మ ఎస్మీ పోయినేడు పోయింది. నాన్న పాడిన పలకను గీకించారని తెలుసు. అది విన్న మనిషి ఇంకా ఉన్నారని ఇక్కడ చర్చిలో ఒకావిడ చెప్పింది. పాట ఎలా ఉండేదో మిస్ ఐవీ నోటితో చెబితే చాలు,” అంది. నేను ఫోను చేత్తో మూసి విషయం చెప్పాను. మిస్ ఐవీ చేతిలో ఉన్న గరిటె గిన్నెలో జారిపడింది. తర్వాత చేస్తానని చెప్పమంది.

ఆ వారం హోటల్లో అన్నం మాడింది, కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆమెను అలా చూడలేక నేనే అన్నాను. “ఆమె అడిగింది పాట ఎట్లా ఉండేదో చెప్పమనే కదా. చెప్పేయండి. పలక ఉందని ఆమెకి అసలు తెలియదు.”

“గా పిల్లకు తెల్వదు. నాకు ఎర్కనే గద,” అంది మిస్ ఐవీ. కాసేపటికి ఏప్రాన్ విప్పి, ఫోను దగ్గరికి తనే వెళ్లింది.

నదీన్ ఒక ఆదివారం వచ్చింది. చర్చి అయ్యాక, మూసిన హోటల్లో ముగ్గురమే. మిస్ ఐవీ చర్చికి పెట్టుకునే టోపీ తీయలేదు. గలేబులోంచి పలక తీసి ముందు మొత్తం కథ చెప్పింది, కత్తితో సహా. “ఇందుల మీ నాయిన ఉండొచ్చు, ఉండకపోవచ్చు. లేకుంటే తప్పు నాది,” అంది. నదీన్ ఆ పలకను చూసి, “పెట్టండి,” అని మాత్రం అంది. నేను రికార్డు ప్లేయరుకి తీగ తగిలించి నా లాప్‌టాప్‌కి కలిపాను, ఒక్కసారి ఆడినా మిగిలేలా.

“తలుపు దియ్యి,” అంది మిస్ ఐవీ.

“బయట మంచు పడుతోంది, మిస్ ఐవీ.”

“ఒకపారి దాచిన, సాలు. దియ్యి.”

తలుపు బార్లా తీశాను. చలి లోపలికి వచ్చేసింది. ఆమె సూదిని పలక మీద ఆనించింది. మొదట నూనెలో తాలింపు వేసినట్టు చిటపట. తర్వాత ఆ పెద్ద స్పీకరు పెట్టెలోంచి మోత లేచింది. పళ్లేలు కదిలాయి. నేను మిస్ ఐవీ ముఖంలోకి చూశాను. అక్కడ ఏమీ లేదు. ఆ రోజుల్లో ఒకే సంగీతం మీద ఎంతోమంది ఎన్నో పాటలు పాడేవారట, మోత విని మనిషిని చెప్పలేం. అప్పుడు ఒక మగగొంతు మొదలైంది. పాతబడి, పొరలు రేగి, చిటపటల్లో మునిగి తేలుతోంది. మిస్ ఐవీ బల్ల అంచు పట్టుకుంది. నదీన్ ఆ గొంతును ఎన్నడూ వినలేదు, ఎవరిదో ఆమె ఎలా చెప్పగలదు? ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. పేర్లు వస్తున్నాయి. ఐసు బండి ముసలాయన. మంత్రసాని. చిటపటల మీదుగా, నవ్వుతూ పిలిచినట్టు, ఎస్మీ అని వచ్చింది.

నదీన్ “అమ్మా,” అంది. నాన్న గొంతు ఆమెకి తెలిసింది వాళ్లమ్మ పేరులోనే.

మిస్ ఐవీ ఏడుస్తుందనుకున్నాను. ఆమె టోపీ తీసి బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని పాట మొత్తం విన్నది. నదీన్ కళ్లు తుడుచుకుంది. అటూ ఇటూ చూసి, గుండిగ మీది మూత తీసి, స్టీలు కౌంటరు మీద దబదబా బాదడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ చెప్పి ఉంటుంది. నేనూ గరిటె అందుకున్నాను. మిస్ ఐవీ నవ్విన నవ్వు నేను అంతకుముందు చూడలేదు. నడుము వంచి సూది ఎత్తి మళ్లీ మొదటికి పెట్టబోయింది.

“అరుగుతుంది, మిస్ ఐవీ! రికార్డయింది, లాప్‌టాప్‌లోనే విందాం,” అని అరిచాను.

“అరగనీ బిడ్డా. పాట ఉన్నదే అరగనీకి,” అని సూది పెట్టింది. తర్వాత ఎన్నాళ్లుగానో వాడని మైకు ఊది చూసి, తెరిచిన తలుపు వైపు తిరిగి, వీధిలో మంచు ఊడుస్తున్నవాళ్లకి కూడా వినబడేలా చెప్పింది. “పాడింది కెల్విన్! పెట్టెలు చేసింది కెల్విన్! ఆడిచ్చింది గ్లెన్! రికార్డు చేసింది రాజేశ్వరి!” తన పేరు మర్చిపోయింది. నేను మైకు లాక్కుని, “దాచింది ఐవీ,” అన్నాను. ఆమె ముందు మైకులో మాట్లాడే ధైర్యం నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఆమె అంత్యక్రియలకి నదీన్ హాలిఫాక్స్ నుంచి వచ్చింది. చర్చిలో పాటలన్నీ అయ్యాక, హోటల్లో ఆ పాట పెట్టి అందరం మూతలు బాదాం. ఆ పలక ఇప్పుడు నదీన్ దగ్గర ఉంది. గరిటె నా దగ్గర ఉంది.

నేను ఇప్పుడు ఒక టీం నడుపుతున్నాను. నెలకోసారి పైవాళ్ల ముందు చేసిన పని చూపిస్తాం. మా డైరెక్టరుకి ‘మనం సాధించాం’ అనడం అలవాటు. ఆయన అలా అనగానే నేను మైకు ఆన్ చేసి, ఏది ఎవరు చేశారో పూర్తి పేర్లతో చెబుతాను. మొదట్లో మొహం చిట్లించేవాడు, ఇప్పుడు ఆయనే నా వైపు చూసి ఆగుతున్నాడు. నిన్న ఆ సిగ్నల్ దాటి ఆఫీసుకి వెళ్తే కొత్తగా చేరిన ఒక అమ్మాయి నాకోసం ఎదురుచూస్తోంది. ‘లతా అని పిలవండి,’ అంది. ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగాను. ఆమె చుట్టూ చూసి, మెల్లగా, హేమలత అంది.

ఒక్క పేరు మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. పలక ఆడిన మరుసటి వారం అనుకుంటా, వంటగదిలో అడిగాను, ఆ డాన్ పేరేమిటి మిస్ ఐవీ అని. ఒకప్పుడు ప్రతి పాటకీ ముందు మైకులో పిలిచిన పేరు, ఆమె మర్చిపోయే పేరు కాదు. ఆమె అల్లం చెక్కు గీకుతోంది. చెయ్యి ఆపలేదు.

“ఎవని పేరు, రాజేశ్వరి?” అంది.